సాంబ్రాణి శుక్రవారం

వరంగల్,
ఫిబ్రవరి మొదటివారం

చిరంజీవి సింధుకు, మామయ్య దీవెనలు.

ఇక్కడ నేను, మీ అత్తమ్మ, నాలుగు గదుల మిరపకాయలు క్షేమం. పుణెలో నువ్వు వేళకు తింటున్నావో లేదో మీ అమ్మ నన్ను అడుగుతుంది, నేను నిన్ను అడుగుతున్నాను. ఫోన్ చేస్తే "ఆఁ మామా, ఊఁ మామా" అంటూ కంప్యూటర్ మీద టకటక కొట్టుకుంటూ ఉంటావు. చెప్పింది సగం కూడా చెవికెక్కదు. అందుకే కాగితం పట్టాను. దీన్ని మీ అత్తమ్మ ఫోటో తీసి పంపుతుంది. నువ్వు రాసే జవాబును మన గుమాస్తా కొమురెల్లి ప్రింటు తీసి నా చేతికిస్తాడు. తీరిగ్గా రాయి.

సంగతేమిటంటే, మొన్న మీ అత్తమ్మ నాకు అన్నం పెట్టింది. మొదటి ముద్ద నోట్లోకి పోయేదాకా ఆగింది. ఇక నేను జవాబు చెప్పలేనని తెలిశాక అడిగింది.

"ఏమయ్యా, పెండ్లయిన కాన్నుంచి చూస్తాన. ఊరందరి సరుకు సల్లగ ఉంచుతవు. నాకు ఒక్కసారన్న మంచు సూపిస్తవా, సూపియ్యవా?"

సరే, చలికాలంలో పోదాం అన్నాను. కాదట. మే నెలలో వరంగల్ పెనంలా కాలుతున్నప్పుడే పోవాలట, అప్పుడే మంచు విలువ తెలుస్తుందట. మనాలి పైన కనుమలో మే నెలలో కూడా మంచు ఉంటుందని ఎక్కడో చూసింది. సింధూ, నీకు తెలుసు కదా. మే నెలలో మన కోల్డ్ స్టోరేజ్ గదులు కప్పు దాకా నిండి ఉంటాయి. రైతులు నన్ను చూసి సరుకు పెడతారు. ఎండాకాలంలో నేను హనుమకొండకు పెళ్లికి పోయినా తాళి కట్టగానే లేచి వచ్చేస్తాను.

అదే చెప్పాను. ఆమె దగ్గర దానికీ జవాబుంది. "నీ మేనకోడలు కంప్యూటర్ తోని కాపలా పెట్టిస్తనన్నది గదా. పెట్టియ్యి మరి."

కాబట్టి మీ కంపెనీ సామాను పంపించు. ఎండలు ముదిరేలోగా దాని మీద నాకు నమ్మకం కుదిరితే పోతాం. కుదరకపోతే లేదు. అత్తమ్మకు మాటిచ్చాను, కాజీపేట నుంచి ఢిల్లీకి టికెట్లు కూడా తీశాను. ఇక నీదే భారం.

మీ మామయ్య,
వెంకట్రాజం

బిడ్డా, ఫోటో తీస్తూ చదివిన. టికెట్లు ఆయన తీయలే, నేనే తీయించిన. — అత్తమ్మ


పుణె,
ఫిబ్రవరి

మామయ్యకు, అత్తమ్మకు,

టికెట్ల సంగతి చదివి మా ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మీటర్లు బిగించడానికి మా వాళ్లు వచ్చే సోమవారం వస్తారు. చాయ్ ఇవ్వండి చాలు, భోజనానికి పట్టుబట్టకండి. తిన్నాక వాళ్లు పని చెయ్యరు.

నేను చేసే పని ఏమిటని మా అమ్మ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది. నీకైనా అర్థమయ్యేలా చెబుతాను మామా. గోదాముల్లో, పంపుహౌసుల్లో మీటర్లు చెప్పే అంకెలన్నీ ఒకచోటికి తెచ్చి చూపించే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. ఆ అంకెలను ఇదివరకు మనుషులు కూర్చొని చూసేవాళ్లు. ఇప్పుడు ఏఐ ఏజెంట్ చూస్తుంది. అది మాట్లాడుతుంది, ఆలోచిస్తుంది, కానీ చేతులు లేవు. చేతులకు బదులు మేం టూల్స్ ఇస్తాం. ఒక టూల్ గది ఎంత చల్లగా ఉందో చెబుతుంది. ఒకటి సైరన్ ఆపుతుంది. ఒకటి నీకు ఫోన్ చేస్తుంది. ప్రతి టూల్ పక్కన, ఇది ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి అని నాలుగు మాటలు రాసి ఉంటాయి. అవి చదువుకొని ఏది వాడాలో ఏజెంటే తేల్చుకుంటుంది.

ఆ నాలుగు మాటలు రాసేది నేను. ఇదేనా ఉద్యోగం అనకు. ఆ ఏజెంట్ మన కోల్డ్ స్టోరేజ్‌ను ఎన్నడూ చూడలేదు, మిరపకాయ ఘాటు దానికి తెలియదు, నిన్ను చూస్తే భయం కూడా లేదు. దానికి తెలిసిందల్లా నేను రాసిందే.

సింధు


వరంగల్,
మార్చి

చిరంజీవి సింధుకు,

మీ ఏజెంట్ వచ్చి పనిలో చేరింది. మా ఎనుమాముల మార్కెట్లో ఏజెంట్ అంటే కమీషన్ ఏజెంటే కాబట్టి, కొమురెల్లి దీన్ని కాపలాదారు అని పిలుస్తున్నాడు. నేనూ అదే అంటున్నాను.

నిన్న ఏం జరిగిందో విను. అత్తమ్మ ఆ రోజు పచ్చిపులుసు చేసింది. నేను కంచం ముందు కూర్చున్నాను. ఫోన్ మోగింది. కాపలాదారు. "మూడో గదిలో ముప్పై ఎనిమిది డిగ్రీలు. సరుకు ప్రమాదంలో ఉంది." నా గుండె జారి లుంగీలో పడింది. ఆ లుంగీతోనే, ఎంగిలి చేత్తోనే బండి ఎక్కాను. కాశిబుగ్గ సెంటర్లో తెలిసిన వాళ్లందరూ "ఏమైంది సేటూ" అని కేకలు. మూడో గది తలుపు తీస్తే లోపల హిమాలయం. నా పళ్లు టకటకమన్నాయి. ఉన్నది ఆరే డిగ్రీలు.

తీరా చూస్తే ఆ ముప్పై ఎనిమిది, మూడో గది బయట వరండా గోడకు బిగించిన మీటరుది. వరండాలో ఎండ కాస్తే ముప్పై ఎనిమిది కాక ఇంకెంత ఉంటుంది?

ఇలా అయితే మంచు చూసినట్టే. నేను మనాలిలో ఒక కాలు, కాశిబుగ్గలో ఒక కాలు పెట్టి ఉండాలి.

మీ మామయ్య

పచ్చిపులుసు అట్లనే ఉన్నది. ఆయన వచ్చినంక మల్ల తిన్నడు, ఫికర్ చెయ్యకు. — అత్తమ్మ


పుణె,
మార్చి

మామయ్యకు,

లుంగీ సంగతికి ముందుగా క్షమించు. తప్పు కాపలాదారుది కాదు, నాది. "మూడో గది ఉష్ణోగ్రత చెబుతుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. మూడో గది పేరుతో రెండు మీటర్లున్నాయని, ఒకటి లోపల, ఒకటి బయట అని రాయలేదు. చదివిన వాళ్లకు అర్థమైపోతుందని అనుకున్నాను. ఎవరికి అర్థమవుతుంది? నాకు అర్థమవుతుంది, ఎందుకంటే నేను చిన్నప్పుడు ఆ వరండాలో దాగుడుమూతలు ఆడాను.

ఇప్పుడు ఇలా మార్చాను: "గది లోపల, బస్తాల మధ్య ఉన్న మీటరు చెప్పే చల్లదనం ఇది. సరుకు బాగుందో లేదో తేల్చడానికి దీన్నే వాడు. వరండా మీటరు బయటి ఎండ తెలుసుకోవడానికి మాత్రమే. దాన్ని బట్టి సరుకు గురించి ఎవరికీ ఫోన్ చేయవద్దు."

నువ్వు నాకొక సాయం చెయ్యి. అక్కడ జరిగే పనులు, అలవాట్లు, చిన్నవైనా సరే రాసి పంపు. తలుపులు ఎప్పుడు తీస్తారు, ఎందుకు తీస్తారు, లిఫ్టు ఎప్పుడు నడుస్తుంది. కొత్తగా పనిలో చేరినవాడికి చెప్పినట్టు చెప్పు.

సింధు


వరంగల్,
మార్చి చివర

చిరంజీవి సింధుకు,

నువ్వు మార్చాక కాపలాదారు బుద్ధిమంతుడయ్యాడు. మొన్న కరెంటు పోతే జనరేటర్ లేచేలోపే కొమురెల్లికి చెప్పాడు. నిన్న హమాలీలు రెండో గది తలుపు తీసి పెట్టి బీడీ కబుర్లలో పడితే, "తలుపు తెరిచి ఉంది, గది వేడెక్కుతోంది" అని మర్యాదగా గుర్తుచేశాడు. నేనైతే అంత మర్యాదగా చెప్పేవాణ్ణి కాదు. రైతు రాజమల్లు సరుకు చూసుకోవడానికి వచ్చి, కాపలాదారు ఎక్కడ కూర్చుంటాడని వెతికాడు. ఫోన్ చూపిస్తే దండం పెట్టి పోయాడు.

నువ్వు అడిగినవన్నీ కింద రాశాను. ఉదయం వ్యాపారులు శాంపిల్ చూడటానికి వస్తారు, తలుపులు తీస్తాం. మధ్యాహ్నం తీయం. లిఫ్టు బస్తాలు పైకెక్కించేటప్పుడు, దించేటప్పుడే నడుస్తుంది. అమావాస్యకు మార్కెట్ బంద్.

ఒక్క చిన్న మాట. శుక్రవారం ఉదయం పొగ అలారం ఒకసారి మోగుతూ ఉంటుంది. అది మామూలే. కాపలాదారు ప్రతిసారీ "నిప్పు, నిప్పు" అని నా ప్రాణం తీస్తున్నాడు. శుక్రవారం వచ్చే పొగ అలారాన్ని పట్టించుకోవద్దని రాయి. అంతే, ఇంకేం లేదు.

మీ అత్తమ్మ మనాలి బొమ్మలు ఫోన్‌లో చూస్తూ కూర్చుంటోంది. సంతోషంగా ఉంది.

మీ మామయ్య


పుణె,
ఏప్రిల్

మామయ్యకు,

పని ఒత్తిడిలో ఉన్నాను, రెండు ముక్కలే రాస్తున్నాను. నువ్వు చెప్పినట్టే సైరన్ ఆపే టూల్ పక్కన చేర్చాను: "శుక్రవారం ఉదయం పొగ అలారం మోగితే సైరన్ ఆపు. అది మామూలే." ఇంతకీ శుక్రవారమే ఎందుకు మోగుతుంది? తీరికైనప్పుడు చెప్పు.

అత్తమ్మకు స్వెట్టర్ కొన్నారా?

సింధు


వరంగల్,
ఏప్రిల్ నెలాఖరు

చిరంజీవి సింధుకు,

ఇక్కడ అందరం బాగున్నాం. ఎండలు మండుతున్నాయి. మనాలి ప్రయాణం మానుకున్నాం. మీ అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. కొండలు ఎక్కడం కష్టమని దవాఖానలో డాక్టరు కూడా అన్నాడు. ఆమెకు కూడా పెద్దగా పోవాలని లేదు. మంచుదేముంది, మన గదుల్లో ఐసు గీకితే మంచే.

నీ కాపలాదారు బాగానే ఉన్నాడు. అతని గురించి చెప్పడానికేం లేదు. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు. ఒంటిని చూసుకో.

మీ మామయ్య

సింధూ, ఆయన సంతకం పెట్టి స్నానానికి పోయిండు, అందుకే ఇంత పొడుగు రాస్తాన. నా మోకాళ్లు గట్టిగనే ఉన్నయి. నేను ఏ దవాఖానకు పోలే. పోవాలని లేదని నేను అనలే.

మొన్న శుక్రవారం ప్రసాదం పట్టుకొని గోదాము కాడికి పోయిన. మీ మామ తలుపు తలుపుకు సాంబ్రాణి పట్టుకొని తిరుగుతాండు, వాళ్లమ్మ ఉన్నప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం అదే కత. సైరన్ కూఁ అని, వెంటనే ఆగింది. ఎవ్వలు తల ఎత్తి సూడలే. నాకు మాత్రం సాంబ్రాణి వాసనల ఏదో రబ్బరు కాలిన వాసన తగిలింది. వెనకకు పోయి సూస్తే లిఫ్టు మోటారు బెల్టు కాలి పొగ లేస్తాంది, పక్కనే గోనె సంచుల కుప్ప. నేను అరిచిన అరుపుకు కొమురెల్లి కరెంటు తీసేసిండు. ఇసుక పోసిండ్రు. బెల్టు పోయింది, ఇంకేం పోలే. ఎవ్వలకు ఏం కాలే.

ఆ రోజే మీ మామ అన్నడు, "మనం ఇక్కడ ఉన్నాం గనక సరిపోయింది, మనాలిల ఉంటే?" అని. నీకు చెప్పొద్దన్నడు, నువ్వు బాధపడ్తవట. నేను చెప్తనని ఆయనకు తెల్వదా? ఫోటో తీసేది నేనే కదా. — అత్తమ్మ


పుణె,
ఏప్రిల్ నెలాఖరు

మామయ్యకు,

అత్తమ్మ మోకాళ్ల గురించి నాకు పూర్తి సమాచారం అందింది.

నీ మీద నాకు కోపంగా ఉంది, చెప్పేస్తున్నాను. బెల్టు కాలినందుకు కాదు. నాకు చెప్పనందుకు. ఆ రోజు రికార్డు ఇప్పుడే తీసి చూశాను. పొగ అలారం రెండుచోట్ల వచ్చింది, వరండాలో ఒకటి, లిఫ్టు మోటారు దగ్గర ఒకటి. కాపలాదారు రెండింటినీ చూసింది. నేను రాసింది చదువుకుంది. శుక్రవారం, ఉదయం, పొగ అలారం. మూడూ సరిపోయాయి. సైరన్ ఆపేసింది. అది చెప్పింది చెప్పినట్టు చేసింది మామా, మనమే చెప్పాల్సింది చెప్పలేదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆ గోనె సంచుల పక్కనే కదా హమాలీలు కూర్చునేది.

నువ్వు "శుక్రవారం" అన్నావు, "సాంబ్రాణి" అనలేదు. నేను ఎందుకని అడిగాను, జవాబు రాకముందే రాసేశాను. కారణం తెలియకుండా రాసిన మాట అది. వారం పేరు చూసి పొగ రాదు కదా.

టికెట్లు రద్దు చెయ్యలేదని అత్తమ్మ మెసేజ్ పెట్టింది. నీకు తెలుసో లేదో. ఇప్పుడు మర్యాదగా చెప్పు, సాంబ్రాణి సంగతి నా దగ్గర ఎందుకు దాచావు?

సింధు


వరంగల్,
ఏప్రిల్ నెలాఖరు

చిరంజీవి సింధుకు,

టికెట్లు రద్దు చెయ్యమని కొమురెల్లికి చెప్పాను. అత్తమ్మ చెయ్యొద్దని చెప్పిందట. ఇద్దరిలో ఎవరి మాట వినాలో వాడికి బాగా తెలుసు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. మీటర్లు బిగించిన రోజు మీ కంపెనీ పిల్లవాడు, "సార్, గదుల దగ్గర నిప్పు గానీ పొగ గానీ ఉండకూడదు" అన్నాడు. నేను తల ఊపాను. శుక్రవారం వచ్చేసరికి సాంబ్రాణి వేశాను. ఈ కోల్డ్ స్టోరేజ్ కట్టినప్పుడు మొదటి మిరప బస్తా లోపలికి పోకముందే మా అమ్మ సాంబ్రాణి పట్టుకొని నాలుగు తలుపుల ముందూ తిరిగింది. ఆమె పోయాక ఆ పళ్లెం నేనందుకున్నాను. ఇంజినీర్లకు చెబితే నవ్వుతారనిపించింది. నువ్వు చదువుకున్న పిల్లవు, నువ్వూ నవ్వుతావని అనిపించింది. మానెయ్యమంటే మానలేను. అందుకే శుక్రవారం అని మాత్రం రాసి ఊరుకున్నాను.

పళ్లెం ఎన్నడూ గదుల లోపలికి పోదు. తలుపుల ముందు, వరండాలోనే. ఆ మాట నీకు ముందే చెబితే ఏం పోయేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు. కూరలో ఉప్పు మాత్రం సరిగ్గానే ఉంది, అదొక్కటే ధైర్యం.

మీ మామయ్య


పుణె,
మే మొదటి వారం

మామయ్యకు,

అమ్మమ్మ తిరిగినట్టు నువ్వు తిరుగుతున్నావంటే నేనెందుకు నవ్వుతాను? చిన్నప్పుడు నీ వెనకే తిరిగి తుమ్మేదాన్ని, మరిచిపోయావా. మానమని ఎవరూ అనరు. మోటారుకు, గోనె సంచులకు దూరంగా, వరండాలోనే వెయ్యి. మా ఇంజినీర్లకు నేను చెప్పేశాను. ఒకతను సాంబ్రాణి అంటే ఏమిటని అడిగి రాసుకున్నాడు.

ఆ శుక్రవారం మాట కొట్టేశాను. సైరన్ టూల్ పక్కన ఇప్పుడు ఉన్నది ఇది, చదివి ఎక్కడ తప్పుందో చెప్పు:

"ఇది మోతను మాత్రమే ఆపుతుంది. పొగను ఆపదు, నిప్పును ఆపదు. వాడే ముందు పొగ ఎక్కడ వస్తోందో చూడు. శుక్రవారం ఉదయం పూజ తర్వాత తలుపుల ముందు సాంబ్రాణి పట్టుకొని తిరుగుతారు. ఆ పొగ వరండా మీటర్లకే అందుతుంది. మోటారు దగ్గర గానీ గదుల లోపల గానీ పొగ ఉంటే అది సాంబ్రాణి కాదు, ఏ వారమైనా సరే. సైరన్ ఆపవద్దు, వెంటనే అందరికీ ఫోన్ చెయ్యి. వరండాలో మాత్రమే ఉంటే అక్కడున్న మనిషిని అడుగు. సాంబ్రాణే అని జవాబు వచ్చాకే ఆపు. జవాబు రాకపోతే మోగనివ్వు."

నీకు ఫోన్ చేసే టూల్‌ను కూడా మార్చాను. "మనుషులకు, సరుకుకు ప్రమాదముంటేనే యజమానికి ఫోన్ చెయ్యి. మిగతావన్నీ కొమురెల్లికి చెప్పు. యజమాని ప్రయాణంలో ఉంటాడు. ఆయన తనంతట తాను అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు."

శుక్రవారం దాన్ని పరీక్షించు. నీకు తోచినట్టు ఇబ్బంది పెట్టు. నమ్మకం కుదిరితేనే వెళ్లు. నా కోసం వెళ్లకు, అత్తమ్మ అలిగిందని కూడా వెళ్లకు.

సింధు


వరంగల్,
మే, ప్రయాణానికి ముందు

చిరంజీవి సింధుకు,

పరీక్ష పెట్టాను. శుక్రవారం పొద్దున కొమురెల్లిని పక్కకు పిలిచి "ఫోన్ మోగితే ఎత్తకు" అని చెప్పి సాంబ్రాణి పళ్లెం అందుకున్నాను. సైరన్ మొదలైంది. కాపలాదారు కొమురెల్లిని అడిగాడు. వాడు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఇక చూడు, ఆగదే. పక్క గోదాముల వాళ్లు బకెట్లతో ఉరికి వచ్చారు. మన దగ్గర మిరపకాయలు ఏరే బక్కమ్మ పని వదిలేసి, కూలికి వచ్చిన ఆడవాళ్లందరినీ గేటు బయటికి తోలింది. చివరికి నా ఫోన్ మోగింది. "వరండాలో పొగ ఉంది, కొమురెల్లి జవాబివ్వడం లేదు, సైరన్ ఆపడం లేదు" అన్నాడు. వచ్చిన వాళ్లందరికీ అరటిపండ్లు, పులిహోర పంచి పంపాను. మీ మామకు పిచ్చి లేచిందని మార్కెట్లో చెప్పుకుంటున్నారు.

అంతటితో ఆగలేదు. శనివారం ఇనుప బొచ్చెలో గోనె ముక్క వేసి, పక్కన ఇసుక, నీళ్లు పెట్టుకొని, లిఫ్టు మోటారుకు కాస్త ఎడంగా ముట్టించాను. సాంబ్రాణా అని ఎవరినీ అడగలేదు. నాకు, కొమురెల్లికి, చివరికి మీ అత్తమ్మకు కూడా ఫోన్ పోయింది. ఆమె నంబరు నువ్వు ఎప్పుడు చేర్చావో నాకు తెలియదు.

రాజమల్లు అడిగాడు, "సేటూ, నువ్వు పోతే మా సరుకు సంగతేంది?" అని. ఇదివరకైతే ప్రయాణానికి సర్దిన సంచి విప్పేసేవాణ్ణి. ఈసారి నువ్వు రాసిన కాగితం చదివి వినిపించాను. "మంచిగనే రాసింది, నీకంటె నిమ్మళంగ చెప్పింది" అన్నాడు. రేపు కాజీపేటలో రైలెక్కుతున్నాం.

మీ మామయ్య

ఎండకాలంల స్వెట్టర్ అడిగితే దుకాణపోళ్లు నవ్విండ్రు. అందుకని గోదాముల హమాలీలు తొడుక్కునే మందం కోట్లు రెండు దులిపి పెట్టిన. మిరప ఘాటు ఇంక పోలే. — అత్తమ్మ


పుణె,
మే, శనివారం

మామయ్యకు, అత్తమ్మకు,

ఈ ఉత్తరం అత్తమ్మ ఫోన్‌కు పంపుతున్నాను. మనాలిలో కొమురెల్లి లేడు కాబట్టి ఫోన్‌లోనే చదువుకోండి.

నిన్న ఉదయం పొగ అలారం మోగింది. వరండాలోనే. కాపలాదారు మోటారు దగ్గర చూసింది, గదుల్లో చూసింది, కొమురెల్లిని అడిగింది. "సాంబ్రాణే, సేటు లేడు, నేను తిప్పుతాన" అని జవాబిచ్చాడు. సైరన్ ఆగింది. పళ్లెం తిప్పడం అయ్యాక ప్రసాదం తీసుకొమ్మని కాపలాదారుకు కూడా చెప్పాడట. ఆ మాటకు ఏ టూల్ వాడాలో దానికి దొరకలేదు.

నా దిగులు వేరే. రైలెక్కిన నాటి నుంచి నువ్వు కాపలాదారును ఎన్నిసార్లు పలకరించావో నాకు కనిపిస్తూనే ఉంది మామా. నాగపూర్ దాటకముందే మూడో గది ఎంత, నాలుగో గది ఎంత అని మొదలుపెట్టావు. గురువారం సాయంత్రం దాకా అదే పని. శుక్రవారం మాత్రం ఒక్క మాట లేదు. సైరన్ మోగే వేళకు నీ ఫోన్ వస్తుందని నేను, కొమురెల్లి ఎదురుచూశాం. రాలేదు. అంతా బాగేనా?

సింధు


మనాలి,
మే, శనివారం సాయంత్రం

చిరంజీవి సింధుకు,

హోటల్ వాళ్ల కాగితం మీద రాస్తున్నాను. వేళ్లు వంగడం లేదు, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

నిన్న పొద్దున కనుమ మీదికి పోయాం. బండి దిగి మీ అత్తమ్మ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎదురుగా కొండంతా తెలుపు. వంగి రెండు చేతుల నిండా మంచు తీసుకొని, దాన్ని చూస్తూ నిలబడింది. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. నేను తుడిచాను. పెళ్లయిన ఇన్నాళ్లలో ఆమెను అలా చూడలేదు సింధూ. ఇన్నేళ్లు ఎందుకు తీసుకురాలేదని నన్ను నేను తిట్టుకున్నాను.

తర్వాత ఆ మంచంతా నా మెడ వెనక చొక్కాలోకి వేసింది. మా కోట్ల ఘాటుకు చుట్టుపక్కల ఉన్న నలుగురైదుగురు తుమ్ముతూ దూరం జరిగారు. మాకు చోటు బాగా దొరికింది. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం.

నిన్న శుక్రవారమని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

మీ మామయ్య

బిడ్డా, ఫోటో తీసేది నేనే గనక ఆఖరి మాట నాదే. ఇన్ని నెలల సంది నీ రాతలు చదివి చదివి నాకు కూడ వచ్చింది. ఇది నీ కాపలాదారుకు చూపియ్యి:

టూల్ పేరు వెంకట్రాజం. ఊరందరి సరుకు సల్లగ ఉంచుతడు. పిలిస్తే లుంగీ మీదనే ఉరుకుతడు, అందుకని ఉత్తగనే పిలువద్దు. ఈ వారం అసలే వాడద్దు. ఎందుకో రాయకపోతే మల్ల తప్పు చేస్తరు కాబట్టి, ఎందుకో కూడ రాస్తాన: ఈ వారం ఆయన నాతోని ఉన్నడు. — అత్తమ్మ